డూప్లికేట్: రెండు మడతల మాట

లాటిన్‌లో 'డుయో' అంటే రెండు, 'ప్లికారే' అంటే మడవడం. ఆ రెంటి నుంచి పుట్టిన 'డూప్లికేట్' ఇంగ్లిషు మీదుగా మనకు చేరింది. తెలుగులో దానికి రెండు ముఖాలు. డూప్లికేట్ తాళంచెవి అసలుదానిలాగే పనిచేస్తుంది. డూప్లికేట్ విత్తనాలంటే నకిలీవి, రైతును ముంచేవి.

బ్లూటూత్‌లో ఈ మాటకు మూడో అర్థం ఉంది. బీకన్ అనే చిన్న పరికరం తన ఉనికిని రేడియోలో చాటుతూనే ఉంటుంది. ఐబీకన్ పద్ధతిలోనైతే సెకనుకు సుమారు 10 సార్లు. లినక్స్‌లో స్కాన్ చేసేటప్పుడు డూప్లికేట్ల వడపోత పెడితే, బ్లూటూత్ చిప్ ఆ పరికరాన్ని ఒకసారి చూపి, తర్వాతి చాటింపులను, అంటే ప్యాకెట్లను, తనలోనే ఆపేయవచ్చు. బ్లూటూత్ ప్రమాణం దృష్టిలో డూప్లికేట్ అంటే అదే చిరునామా నుంచి మళ్లీ వచ్చినది. లోపలి సమాచారం మారినా దానికి పట్టదు.

నా అభ్యంతరం ఇక్కడే. శీతల గిడ్డంగిలోని బీకన్ ఇందాక 4 డిగ్రీలని, ఇప్పుడు 9 అని చెబితే రెండోది నకలు ఎలా అవుతుంది? అదే అసలు వార్త. సిగ్నల్ బలం కూడా ప్యాకెట్ ప్యాకెట్‌కీ మారుతుంది, దూరం అంచనాకు అదే ఆధారం. లినక్స్‌లో హెచ్‌సీఐటూల్ అనే కమాండ్‌తో స్కాన్ చేసేవారు 'డూప్లికేట్స్' ఆప్షన్ జోడిస్తే ఈ వడపోత ఆగుతుంది. అప్పుడు ప్యాకెట్లు వరదలా వస్తాయి, నిజమే. వాటిని మన ప్రోగ్రాములోనే వడకట్టుకోవడం మేలు: దూరం అంచనా అక్కర్లేకపోతే, చిరునామాతోపాటు సమాచారాన్నీ పోల్చి, రెండూ ఒకటే అయితేనే వదిలేయాలి.