అమ్మీ జబాన్‌ల సైన్సు

1917ల నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ జమానాల హైదరాబాద్‌ల దారుల్ తర్జుమా ఖాయమైంది. తొలినాళ్ల నాజిమ్ మౌల్వీ అబ్దుల్ హఖ్. సైన్సు, ఇంజనీరింగ్, డాక్టరీ కితాబులు ఉర్దూలకొచ్చినయ్. కెమిస్ట్రీ ‘కీమియా’, బయాలజీ ‘హయాతియాత్’ అయినయ్. కొత్త లఫ్జులు ఎట్ల పుట్టియ్యాల్నో 1921ల వహీదుద్దీన్ సలీం కితాబే రాసిండు. ఇంగ్లీషు లేకుంటె ఇల్మ్ లేదన్న మాటను ఉస్మానియా ఝూటా చేసింది.

కానీ ఇన్సాఫ్‌గ మాట్లాడాలె. రియాసత్‌ల ఎక్కువమంది జబాన్ తెలుగు, మరాఠీ, కన్నడ. ఊర్ల రైతుబిడ్డకు ఆ ఉర్దూ గూడ పరాయిదే. 1948 తర్వాత యూనివర్సిటీ ఇంగ్లీషుకు మారింది.

ఇయ్యాల మన బచ్చాలకు ఇంట్ల ఉర్దూ, గల్లీల తెలుగు, కితాబ్‌ల ఇంగ్లీషు. ‘ఫోటోసింథసిస్’ అని బట్టీ పడ్తున్నరు. ఆకు ఎండతోని తన తిండి ఎట్ల తయారు చేసుకుంటదో వాళ్ల జబాన్‌ల ఒక్కసారి చెప్పి చూడుండ్రి.