పద్మనాభం: ముప్పావు గంట

విషాద నాటకం చదవబోయే విద్యార్థికి మొదట ఎదురయ్యేది గ్రీకు మాటల దండు. హమార్షియా, పెరిపెటియా, అనాగ్నోరిసిస్, కథార్సిస్. పరీక్ష ముందు రాత్రి బట్టీపట్టి, మర్నాడు కాగితం మీద దించేసి మరిచిపోయే మాటలు. విశాఖపట్నంలో సాహిత్యం చదివే పిల్లలకు నేనైతే వీటిని థీబ్స్ నగరంలో మొదలుపెట్టను. భీమిలికీ విజయనగరానికీ నడుమ ఉన్న పద్మనాభం కొండ దగ్గర మొదలుపెడతాను. కొండ మీద అనంత పద్మనాభస్వామి, కింద కుంతీమాధవస్వామి, మధ్య వెయ్యికి పైగా మెట్లు. 1794 జూలై 10న తెల్లవారుతూనే అక్కడ విజయనగరం రాజు చిన విజయరామరాజు నేలకొరిగాడు.

గ్రీకు విషాదంలో కీడు ఒక మనిషితో మొదలుకాదు, ఇంటితో మొదలవుతుంది. విజయనగరం ఏలిన పూసపాటివారింట అది 1757 నాటిది. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల అండతో పెద విజయరామరాజు బొబ్బిలి కోటను నేలమట్టం చేయించాడు. ఆ గెలుపు వారం రోజులైనా దక్కలేదు. బొబ్బిలివారి తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి ఆయన్ను పొడిచి చంపాడు. తర్వాత గద్దెనెక్కిన ఆనంద గజపతిరాజుకు ఫ్రెంచివాళ్ళ పొడ గిట్టలేదు. 1758లో వాళ్ళ చేతిలోంచి విశాఖపట్నం లాక్కుని ఇంగ్లీషువాళ్ళకు అప్పగించాడు, ఇంగ్లీషు సైన్యాన్ని తానే పిలిపించుకున్నాడు. అలా వచ్చినవాళ్ళే 36 ఏళ్ళకు ఆ ఇంటి మీద తుపాకులు ఎక్కుపెట్టారు. చూసేవాడికి తెలుసు, పాత్రకు తెలియదు. ఐరనీ అని పాఠాల్లో చెప్పేది దీన్నే.

1760లో ఆనందరాజు మశూచితో పోయాడు. దత్తుకొచ్చిన చిన విజయరామరాజు పసివాడు. పెత్తనమంతా సవతి అన్న సీతారామరాజుది. సమర్థుడు, ఆశపోతు, దివానుగిరీ చేస్తూ చుట్టుపక్కల కొండ జమీందారులను ఒక్కొక్కరినే లొంగదీశాడు. సంస్థానం పెరిగింది, రాజు ఉత్సవమూర్తి అయ్యాడు. పెద్దవాడయ్యాక అన్నతో పడలేదు. తగవు 1778లో మద్రాసు గవర్నరు రంబోల్డు దాకా పోయింది. ఆయన సీతారామరాజునే దివానుగా నిలబెట్టాడు.

రాజు తప్పటడుగు నా లెక్కలో ఇక్కడుంది. హమార్షియా అంటే దుర్గుణమని గైడ్లు నేర్పుతాయి, అది సరికాదు. విలుకాడు గురి తప్పడం లాంటిది అది; చెయ్యి మంచిదే, చూపూ మంచిదే, బాణం మాత్రం వేరేచోట దిగుతుంది. చిన విజయరామరాజు పిరికివాడు కాడు, ప్రజలను పీడించినవాడనీ పేరు లేదు. అందుకే విషాద నాయకుడికి అరిస్టాటిల్ పెట్టిన కొలతకు సరిపోతాడు. కానీ ఇంటి తగవును ఈస్టిండియా కంపెనీ గుమ్మం ఎక్కనిచ్చాడు. తీర్పు చెప్పే హక్కు ఒకసారి దొరికినవాడు ఆ హక్కును వదులుకుంటాడా?

కంపెనీవారి కన్ను అన్నదమ్ముల మీద కాదు, వాళ్ళ బలగం మీద ఉంది. విజయనగరం దగ్గర 12,000 మందికి పైగా సైన్యం ఉందనీ, అది తమకు ముప్పనీ కంపెనీ సర్క్యూట్ కమిటీ 1784లోనే రాసిపెట్టింది. 1793లో సీతారామరాజును మద్రాసులో కాపురం పెట్టించారు, నెలకు 5,000 రూపాయల భరణంతో. తమ్ముడు ఊపిరి పీల్చుకుని ఉండాలి. ఇంతలో పేష్కష్, అంటే కంపెనీకి కట్టాల్సిన కప్పం, బకాయి 8.5 లక్షలు కట్టమన్నారు, కట్టలేకపోయాడు. ఆగస్టులో విజయనగరం కోట కంపెనీ సిపాయిల చేతికి పోయింది. పెరిపెటియా అంటే ఉత్త కష్టం రావడం కాదు. మేలనుకున్నదే కీడై తిరగబడటం. అడ్డుగా ఉన్న అన్న తొలగాడు, ఆ అడ్డు తీసిన చెయ్యే ఇప్పుడు తన మీదికి వచ్చింది.

మచిలీపట్నం వెళ్ళి ఉండమని రాజుకు ఉత్తర్వు, నెలకు 1,200 రూపాయలు. దివానుకు ఐదువేలు, రాజుకు పన్నెండు వందలు! ఆయన మచిలీపట్నం వెళ్ళలేదు. పద్మనాభంలో ఆగిపోయాడు. సుమారు 4,000 మంది ఆయన వెంట చేరారు.

కల్నల్ ప్రెండర్‌గాస్ట్ జూలై 10 వేకువన మీదపడ్డాడు. ముప్పావు గంట. రాజు పోయాడు, ఆయన్ను అంటిపెట్టుకున్న రాచవారిలో ముఖ్యులు ఆయన చుట్టూనే పోయారు. మన నాట్యశాస్త్ర సంప్రదాయం నాయకుడి చావును రంగం మీద ఒప్పుకోదు. ఆ కట్టు దాటి భాసుడు ఊరుభంగంలో దుర్యోధనుణ్ణి ప్రేక్షకుల కళ్ళముందే పడుకోబెట్టాడు. తెలుగులో ధర్మవరం రామకృష్ణమాచార్యులు విషాదం అన్న మాటను సారంగధరుడి పేరుకే తగిలించి నాటకం ఆడించాడు. గ్రీకులు ఇంకో దారి పట్టారు. చావు తెరవెనక జరిగిపోతుంది, వార్తాహరుడొచ్చి చెబుతాడు. పద్మనాభం కథలో ఆ వార్తాహరుడు గెలిచినవాడే. కంపెనీ కాగితాల్లో బకాయి ఉంది, ఉత్తర్వు ఉంది, చచ్చినవాళ్ళ లెక్క ఉంది. థీబ్స్ రాజు ఈడిపస్‌కు నిజం తెలిసొచ్చే ఘట్టం లాంటిది, అనాగ్నోరిసిస్ అనే ఆ ఎరుక, మన రాజుకు కలిగినట్టు ఆ కాగితాల్లో లేదు. జూలై 9 రాత్రి డేరాలో ఆయనేమనుకున్నాడో నాటకకర్తే రాయాలి.

బొబ్బిలికి వేదం వేంకటరాయశాస్త్రి నాటకముంది, 1964 నాటి సినిమా ఉంది. పద్మనాభానికి అంత పేరు రాలేదు. బొబ్బిలిలో మంటలున్నాయి, పగ ఉంది, పాపారాయుడున్నాడు. ఇక్కడ పేష్కష్ ఉంది. బకాయికి చప్పట్లు పడవు మరి. సీతారామరాజును ప్రతినాయకుణ్ణి చేస్తే పడతాయేమో. అప్పుడు ప్రేక్షకుడికి కోపం వస్తుంది గానీ, అరిస్టాటిల్ అడిగిన జాలీ భయమూ రావు. వాటి కడుగుడే కథార్సిస్.

రాజు కొడుకు నారాయణ బాబును అయినవాళ్ళు కొండల్లోకి తీసుకుపోయారు. చివరికి కంపెనీ రాజీపడి సంస్థానం తిరిగిచ్చింది, కానీ కొండ జమీందారులను విడదీసి, చిక్కిన సంస్థానాన్నే. 1802 శాశ్వత శిస్తు నాటికి పేష్కష్ ఏడాదికి 5 లక్షలు. అదే వంశంలోని మరో ఆనంద గజపతికి గురజాడ 1897లో కన్యాశుల్కం అంకితమిచ్చాడు. ఆ ఇంటి పేరుతో తెలుగు రంగస్థలానికి నవ్వు దక్కింది. ఏడుపు రాయడానికి ఎవరైనా పూనుకుంటే, యుద్ధంతో కాక, బకాయి 8.5 లక్షలని చదివి వినిపించే గుమాస్తాతో తెర తీయమంటాను.