జీతం ఉంటేనే ఆట: హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కథ

పోయిన భాగం చదివి తాండూరు నుంచి ఒక డిగ్రీ విద్యార్థి అడిగిండు: "అన్నా, ఎప్పుడూ భూములు, హాస్టళ్లు, అట్రాసిటీ కేసులేనా? ఆటల చరిత్ర రాయవా?" రాత్రుళ్లు ఫోన్లో యూరప్ క్లబ్బుల మ్యాచ్‌లు చూసే పిల్లగాడు. పగలు నాపరాయి పాలిషింగ్ యూనిట్లో పని. ఆదివారం మ్యాచ్ ఆడితే ఒకరోజు కూలి పోతుంది. అందుకే ఈసారి ఫుట్‌బాల్. అయితే యూరప్ నుంచి మొదలుపెట్టను. మన వికారాబాద్, తాండూరు మీదుగా వాడి, బొంబాయికి పోయే రైలు దారి నుంచి మొదలుపెడతా.

ఆ దారి చివర బొంబాయిలో రోవర్స్ కప్ జరిగేది. 1891లో పుట్టిన టోర్నీ. మొదటి నలభై ఏళ్లకు పైగా కప్పు బ్రిటిష్ పటాలాల చేతుల్లోనే ఉంది. 1937లో బెంగళూరు ముస్లింస్ ఆ వరుసను తెంచిండ్రు. ఆ తర్వాత 1950 నుంచి 1954 దాకా, వరుసగా ఐదేళ్లు, కప్పు హైదరాబాద్‌కు వచ్చింది. తెచ్చింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. 1950లోనే డ్యూరాండ్ కప్ కూడా గెలిచింది.

ఆ 1950 అనే అంకె దగ్గర కాసేపు ఆగండి. దానికి రెండేళ్ల ముందే, 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా, "పోలీసు చర్య" జరిగింది. ఆ తర్వాతి హింసలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ లెక్కగట్టింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు జనానికి చూపించలేదు. ఎక్కువ దెబ్బ తిన్న జిల్లాల్లో గుల్బర్గా ఒకటి. 1956 దాకా మన తాండూరు తాలూకా ఆ గుల్బర్గా జిల్లాలోనే ఉండేది. ముస్లింల సర్కారు కొలువులు ఊడిపోతున్న కాలం అది. ఆ కాలంలోనే, ఎక్కువ మంది ముస్లిం పేర్లున్న ఒక పోలీసు జట్టు దేశమంతా తిరిగి కప్పులు గెలిచింది. పాఠ్యపుస్తకాల్లో ఈ రెండు సంగతులూ ఒక పేజీలో కనిపించవు.

పోలీసు అంటే మా వాడల్లో ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. ఆ శాఖ జట్టును పొగడటం నాకూ ఇబ్బందే. కానీ ఆ జట్టు ఎట్ల నిలబడిందో చూడాలి. ఆడేవాడు కానిస్టేబుల్‌గా చేరుతాడు. నెలకు జీతం వస్తుంది. ప్రాక్టీసు చేసిన రోజు ఇంట్లో పొయ్యి ఆరిపోదు. మైదానం శాఖదే. మిగిలింది నేర్పే పంతులు. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం, 1909లో పుట్టిన బడిపంతులు. బలం లేని కాలితోనే ఆడాలనే షరతు పెట్టి పిల్లలకు పోటీలు నడిపినోడు. దేశం జట్టుకూ ఆయనే శిక్షకుడు: 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. జకార్తాలో 1962 ఫైనల్ నాటికే ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్. మరుసటి ఏడాది జూన్‌లో పోయిండు.

మెల్‌బోర్న్ జట్టులో సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నాడు. పేద తమిళ కుటుంబం. హైదరాబాద్‌కు వచ్చి ప్రాక్టీసు చేయాలంటే సైకిల్ లేదు. సైకిల్ అద్దె డబ్బులు రహీం సాబే ఇచ్చేవాడంటారు. దేశం గొప్పగా చెప్పుకునే ఆటగాడు ఒక సైకిల్ అద్దె దగ్గర ఆగిపోయేవాడే. ఇసుమంటి బలరాంలు ఎంతమంది ఆగిపోయి ఉంటారు!

ఇప్పుడు ఆ పిల్లగాడికి ఇష్టమైన యూరప్‌కు పోదాం. నెదర్లాండ్స్‌లో ఫెయనోర్డ్ అనే క్లబ్బు ఉంది. 1908లో రోటర్‌డామ్ దక్షిణ ఒడ్డున, ఓడరేవు కూలీల పేటల్లో పుట్టింది. 1970లో యూరోపియన్ కప్ గెలిచిన మొదటి డచ్ క్లబ్బు. అయితే 1954 దాకా ఆ దేశంలో ఆడినందుకు డబ్బు తీసుకోవడం నిషేధం. తీసుకుంటే ఆట అపవిత్రం. జీతం కోసం పరదేశాలకు పోయిన ఆటగాళ్లకు జాతీయ జట్టులో చోటు లేదు. 1953 ఫిబ్రవరిలో సముద్రం కట్టలు తెంచుకుని 1,836 మంది చనిపోయారు. బాధితుల కోసం మార్చిలో, అట్ల వెలి పడ్డ ఆటగాళ్లే పారిస్‌లో ఫ్రాన్స్ మీద ఆడి 2-1తో గెలిచిండ్రు. జనం కళ్లు తెరుచుకున్నాయి. మరుసటి ఏడాది జీతానికి అనుమతి వచ్చింది. అదే 1954లో మన కానిస్టేబుళ్లు ఐదో రోవర్స్ కప్ ఎత్తిండ్రు.

డబ్బు ముట్టని ఆటే శుద్ధమైన ఆట. ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ? తిండికి లోటు లేనోడు కనిపెట్టిన శుద్ధి అది. శ్రమకు కూలి అడిగినోడు మైలపడతాడు. అంటు మనకు ఊరి బావి దగ్గర కనబడింది, వాళ్లకు మైదానం గేటు దగ్గర కనబడింది. రెండూ ఒకటేనని అనను. బావి దగ్గరిది పుట్టుకతో వచ్చి చచ్చినా పోదు. కానీ వాదన తీరు మాత్రం ఒకే ఇంటిది.

తర్వాతి కథ తొందరగా చెప్తా. కలకత్తా క్లబ్బుల డబ్బుతో కానిస్టేబుల్ జీతం పోటీ పడలేదు. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు పోయిండు. జట్టు ఆంధ్ర పోలీస్ అయ్యింది, 1960లో, 63లో మళ్లీ రోవర్స్ గెలిచింది. రహీం సాబ్ లేడు, కొలువులు తగ్గినయి, పేరు మసకబారింది.

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. పుణె ఫ్రాంచైజీ మూతపడితే ఆ స్థానంలో పెట్టిన కంపెనీ జట్టు. 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ గెలిచింది. మన పిల్లలు సంబరపడ్డరు, నేనూ పడ్డ. తర్వాత ఆటగాళ్ల జీతాల బకాయిలు, చేతులు మారిన యాజమాన్యం. 2025లో ఆ జట్టు పేరు మార్చుకుని ఢిల్లీకి పోయింది. పోయేముందు ఇక్కడి జనాన్ని అడిగేది లేదు, వాళ్లకు అందులో వాటా లేదు కాబట్టి.

తాండూరు తమ్ముడా, అర్జీ రాస్తానన్నావు కదా. స్టేడియం అడగకు. పోలీస్, రైల్వే, ఆర్టీసీలో స్పోర్ట్స్ కోటా పోస్టులు ఎన్ని ఖాళీ ఉన్నాయో, అందులో ఎస్సీ రోస్టర్ ఎంతో ఆర్‌టీఐలో అడుగు. పది రూపాయల ఫీజు. జవాబు వచ్చినంక వచ్చే భాగంలో ఇక్కడే పెడతా.

జై భీమ్.