గెలిచినవాళ్ల కత్తులు ఏమయ్యాయి?

1864 ఆగస్టు 12. జపాన్ చక్రవర్తి కొలువున్న క్యోటో నగరం. గుర్రం మీద వెళ్తున్న సకుమా షోజాన్‌ను పట్టపగలు నడివీధిలో నరికేశారు. పాశ్చాత్య శాస్త్రాలు చదివి, తలుపులు తెరిస్తేనే దేశం బతుకుతుందని వాదించిన పండితుడాయన. చంపినవాడు కుమమోతో ప్రాంతపు సమురాయ్ కవకామి గెన్సాయ్. పొట్టిగా, సన్నగా, దూరం నుంచి చూస్తే ఆడమనిషేమో అనిపించేలా ఉండేవాడట. ఆ రోజు తర్వాత అతను హత్యలు మానేశాడని చెబుతారు.

130 ఏళ్ల తర్వాత ఈ గెన్సాయ్ ఛాయలోంచే ఒక కథానాయకుడు పుట్టాడు. 1994లో నొబుహిరో వత్సుకి ‘షోనెన్ జంప్’ వారపత్రికలో మొదలుపెట్టిన బొమ్మల కథ ‘రురోని కెన్షిన్’. 1996 జనవరి నుంచి అదే యానిమే ధారావాహికగా ఫుజి టీవీలో వచ్చింది.

కథాకాలం 1878. హిమురా కెన్షిన్ ఎర్రజుట్టు, ఎడమ చెంప మీద ఇంటూ గుర్తులాంటి గాటు ఉన్న దేశదిమ్మరి. ఒకప్పుడు షోగునులనే సైనిక పాలకులపై తిరగబడ్డ చోషు వర్గం తరఫున లెక్కలేనంత మందిని నరికినవాడు. 1868 జనవరిలో తోబా-ఫుషిమి యుద్ధం గెలవగానే మాయమై, పదేళ్లు తిరిగి టోక్యో చేరాడు. ఇక ఎవరి ప్రాణమూ తీయనని ఒట్టు. అందుకే అతని కత్తికి పదును వంపు లోపలి వైపు ఉంటుంది. ఎదుటివాడికి తగిలేది మొండి అంచు.

నలుగురు హంతకులు

1853లో అమెరికా నౌకాధిపతి పెర్రీ నల్ల ఓడలతో వచ్చాక, రెండున్నర శతాబ్దాల తోకుగావా షోగునుల ఏలుబడికి బీటలు పడ్డాయి. చక్రవర్తికే అధికారం దక్కాలి, విదేశీయుల్ని తరిమేయాలి అంటూ యువ సమురాయ్‌లు క్యోటోకు పోటెత్తారు. మాటకు లొంగనివాళ్లను కత్తితో తప్పించే పని కొందరు నెత్తికెత్తుకున్నారు. ‘హితోకిరి’గా పేరుమోసిన ఆ హంతకులు నలుగురు.

తనకా షింబే 1863లో ఒక హత్య కేసు విచారణలో ఆత్మహత్య చేసుకున్నాడు. ఒకదా ఇజో తలను 1865లో సొంత సంస్థానం తోసాయే తీయించింది. గెన్సాయ్, షోగునుల పాలన కూలి విప్లవం గెలిచేదాకా బతికాడు. కానీ గెలిచిన నాయకులు విదేశీయులను తరమలేదు సరికదా, వాళ్లతోనే చేయి కలిపారు. గెన్సాయ్ మాత్రం పాత పంతం వీడలేదు. 1872లో కొత్త ప్రభుత్వం అతనికి మరణశిక్ష అమలు చేసింది. నాలుగోవాడు కిరినో తోషియాకి కొత్త సైన్యంలో మేజర్ జనరల్ దాకా ఎదిగాడు. 1876లో కత్తి ధరించడాన్ని నిషేధించారు, సమురాయ్‌ల భరణాలను బాండ్లుగా మార్చేశారు. మరుసటి ఏడు తిరుగుబాటు నాయకుడు సైగో తకమోరితో కలిసి తిరగబడిన కిరినో, సెప్టెంబరు 24న షిరోయామా కొండపై నేలకొరిగాడు.

నలుగురిలో ఒక్కరూ ముసలివారు కాలేదు.

ఓడినవాళ్ల వృద్ధాప్యం

షోగును తరఫున క్యోటోలో ఇలాంటివాళ్లను వేటాడిన దళం షిన్‌సెన్‌గుమి. అందులోని సైతో హజిమే, ఫుజితా గొరోగా పేరు మార్చుకుని టోక్యో పోలీసుల్లో చేరాడు. తర్వాత మ్యూజియంలో కాపలా ఉద్యోగం చేశాడు. అదే దళానికి చెందిన నగకురా షింపాచి హొక్కైదోలో జైలు సిబ్బందికి కత్తిసాము నేర్పాడు. ఇద్దరూ 1915 దాకా బతికారు. ఓడినవాడికి ఉద్యోగమిస్తే సర్కారుకు పోయేదేమీ లేదు. గెలిపించినవాడితోనే చిక్కంతా. తాను ఏ మాట కోసం చంపాడో అతనికి గుర్తుంటుంది.

యానిమేలో సైతో ఆ పోలీసు పేరుతోనే కనిపిస్తాడు. చరిత్రలోని ఈ చేదును మాత్రం ప్రతినాయకుడు షిషియో మకోతో మోస్తాడు. కెన్షిన్ తర్వాత ఆ చీకటి పని చేసిన షిషియోను, అవసరం తీరాక సొంతవాళ్లే నిప్పంటించారు. ఒళ్లంతా కట్లతో పగ తీర్చుకోవడానికి లేచాడు. అతన్ని ఆపమని కెన్షిన్‌ను అడిగేది హోంమంత్రి ఓకుబో తొషిమిచి. జవాబు చెప్పాల్సిన గడువు 1878 మే 14. ఓకుబోను మాజీ సమురాయ్‌లు నిజంగా చంపిన రోజది. వత్సుకి ఆ హత్యను షిషియో మనిషి ఖాతాలో వేశాడు.

పశ్చాత్తాపంతో కత్తి దించడం కెన్షిన్ చేతిలో పనే. దించినవాణ్ని బతకనివ్వడం ఇతరుల చేతిలో ఉంది. సైతోకు పోలీసు శాఖ చోటిచ్చింది. కథలో కెన్షిన్‌కు గతం అడగకుండా కమియా కౌరు అనే యువతి తన కత్తిసాము శాలలో చోటిచ్చింది. గెన్సాయ్‌కి దక్కనిది ఆ చోటే.