కాలిన ఇంటి వాసనకు విరుగుళ్లు

మంట ఆరిన ఇంట్లో నెలల తరబడి పొగవాసన రావడానికి గాలిలో మిగిలిన పొగ కారణం కాదు. కలప, బట్టలు, ప్లాస్టిక్ అరకొరగా కాలినప్పుడు గ్వాయకాల్, క్రెసాల్ వంటి ఘాటైన పదార్థాలు ఆవిరిగా వెలువడతాయి. చల్లటి గోడ తగలగానే అక్కడే అంటుకుని సున్నపు పూతలోకి, పరుపుల్లోకి, అలమర చెక్కలోకి ఇంకిపోతాయి. గది వేడెక్కినప్పుడల్లా కొంత కొంత మళ్లీ బయటికొస్తాయి. కిటికీలు తెరిచిన రోజు పోయినట్టుండి, మూసిన మర్నాడు వాసన తిరిగి రావడం ఇందువల్లే. సాంబ్రాణి వేస్తే ఒక పొగకు మరో పొగ తోడవుతుంది, అంతే.

అయినా విరుగుడు వెతికినవాళ్లు చాలాకాలం గాలి వెంటే పడ్డారు. 1785లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఔషధశాలలో పనిచేసే లోవిట్జ్, గోధుమరంగుకు తిరిగిన టార్టారిక్ ఆమ్లపు ద్రావణాన్ని బొగ్గుపొడి తేటపరచడం గమనించాడు. మురిగిన నీటి కంపును కూడా బొగ్గు లాగేస్తుందని తర్వాత తేల్చాడు. 1854లో లండన్‌లో జాన్ స్టెన్‌హౌస్ ఆ గుణాన్ని గాలికి వాడుకుని బొగ్గు వడపోతలు, ముఖతొడుగు తయారుచేశాడు. 1900 ప్రాంతంలో ఓస్ట్రేకో అనే రసాయన శాస్త్రవేత్త బొగ్గు శక్తిని పెంచే పద్ధతులకు పేటెంట్లు తీసుకున్నాడు. నీటి ఆవిరి సోకేలా బొగ్గును ఎర్రగా కాలిస్తే అందులో సన్నని రంధ్రాలు పెరిగి, ఒక్క గ్రాములోనే దాదాపు వెయ్యి చదరపు మీటర్ల ఉపరితలం ఏర్పడుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో విషవాయువు ముసుగుల కోసం అమెరికా కొబ్బరి చిప్పల బొగ్గును ఎంచుకుంది. ఇవాళ్టి గాలి శుద్ధి యంత్రాల్లో వాసన పట్టే పొర ఈ వంశానిదే.

వాసన పోగొట్టడానికి వాడే మరో సాధనం ఓజోన్ వాయువు. దాని కథ కూడా 1785లోనే మొదలైంది. హార్లెమ్‌లో వాన్ మారుమ్ తన విద్యుత్ యంత్రం దగ్గర ఒక వింత వాసన పసిగట్టాడు. అది ప్రత్యేక పదార్థమని 1839లో బాసెల్‌లో షోన్‌బైన్ గుర్తించాడు. 1857లో వెర్నర్ ఫాన్ సీమెన్స్ దాన్ని పుట్టించే గొట్టం చేశాడు. ఓజోన్ వాసన పదార్థాల అణువులను విరిచేస్తుంది. అయితే ఊపిరితిత్తులను, రబ్బరును కూడా వదలదు. మనుషులకు హాని చేయనంత తక్కువ మోతాదులో దానివల్ల పెద్దగా ప్రయోజనం లేదని అమెరికా పర్యావరణ సంస్థే చెబుతుంది. అందుకే ఓజోన్ యంత్రం నడిచేటప్పుడు ఇంట్లో మనుషులు, పెంపుడు జంతువులు, మొక్కలు ఉండకూడదు.

2022లో అమెరికా ప్రమాణాల సంస్థ మేరీలాండ్‌లోని తన ప్రయోగగృహాన్ని పరిశోధకులకు అప్పగించింది. అందులోకి పొగ వదిలి చూస్తే, గాలి శుద్ధి యంత్రం నడిచినంతసేపే ఆవిర్లు తగ్గాయి, ఆపగానే మళ్లీ పెరిగాయి. నేల తుడవడం, దుమ్ము దులపడం, వాక్యూమ్ పెట్టడం మాత్రం నిలిచే ఫలితమిచ్చాయి. 2023లో ప్రచురితమైన ఈ ఫలితం చూస్తే, రెండు శతాబ్దాల రసాయనశాస్త్రం కన్నా చీపురూ తడిబట్టా మేలనిపించినా ఆశ్చర్యం లేదు.

తుడవడానికీ ఒక వరస ఉంది. మసిని ముందే తడిపితే గోడలోకి ఇంకా ఇంకిపోతుంది. మొదట వాక్యూమ్‌తో, పొడి రబ్బరు స్పాంజితో మసి తీసి, ఆ తర్వాతే సబ్బునీళ్లు వాడాలి. ఎంత కడిగినా వాసన పోని చెక్కకు, గోడకు స్పిరిట్‌లో కరిగించిన లక్క పూత వేసి దాన్ని లోపలే బంధిస్తారు. ఆ లక్కలో పెద్దభాగం జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లోని పురుగులు చేసిందే. నురుగు పరుపులకు, దిండ్లకు పూత కుదరదు కాబట్టి వాటిని పారేయక తప్పదు.