చేతిలో ఉందా, రాతలో ఉందా?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో బోరు వేయించే ముందు చాలామంది పాయింట్ చూపించుకుంటారు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా నడిచిన మనిషి ఎక్కడ ఆగితే అక్కడికి బోరు బండి వస్తుంది. నీళ్లు పడితే అదృష్టం, పడకపోతే నొసటి రాత. పక్క చేనాయన భూగర్భ పరీక్ష చేయించి ఉంటే, అలాగే ఎండిన తన బోరును చూసి ‘ఇంకో చోట చూపించి ఉండాల్సింది’ అనుకుంటాడు. ఇద్దరికీ జరిగిన నష్టం ఒకటే. కారణాన్ని ఎక్కడ వెతుక్కున్నారన్న దగ్గరే దారులు చీలాయి.

ఈ చీలికను కొలవడానికి పూనుకున్నవారు అమెరికా మనస్తత్వవేత్త జూలియన్ రాటర్. 1916లో బ్రూక్లిన్‌లో పుట్టిన ఆయన, ఓహియో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఉండగా 1954లో తన సామాజిక అభ్యసన సిద్ధాంతాన్ని పుస్తకంగా తెచ్చారు. ఆయన శిష్యుడు జెర్రీ ఫేర్స్ ఒకే పనిని కొందరికి నైపుణ్యంతో కూడినదని, మరికొందరికి అదృష్టం మీద నడిచేదని చెప్పి చేయించాడు. నైపుణ్యమని నమ్మినవాళ్లు గెలిచినా ఓడినా తర్వాతి అంచనాను దానికి తగ్గట్టు మార్చుకున్నారు. అదృష్టమని నమ్మినవాళ్లలో ఆ మార్పు తక్కువ. అనుభవం నుంచి పాఠం తీసుకోవాలన్నా, ఫలితానికి మన చేతితో సంబంధముందని ముందు నమ్మాలన్నమాట.

1966లో రాటర్ 29 జతల వాక్యాలతో ఒక ప్రశ్నావళిని ప్రకటించారు. ప్రతి జతలో ఒకదాన్ని ఎంచుకోవాలి. అసలు ఉద్దేశం బయటపడకుండా అందులో 6 జతలను ఊరికే కలిపారు. పగ్గం తన చేతిలోనే ఉందనుకునేవారు ‘అంతర్గత’ నియంత్రణవాళ్లు. విధి, అదృష్టం, పెద్దవాళ్ల చలవ అనుకునేవారు ‘బాహ్య’ నియంత్రణవాళ్లు.

ఆ ప్రశ్నావళి రాకముందే, ఈ భావనకు తొలి పరీక్షల్లో ఒకటి క్షయరోగుల మధ్య జరిగింది. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో 1915 నుంచీ క్షయ శానటోరియం నడిచింది కాబట్టి, నెలల తరబడి మంచం మీదే ఉండి ఎదురుచూడటం అంటే ఏమిటో ఈ ప్రాంతానికి తెలుసు. 1962లో సీమన్, ఎవాన్స్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని ఒక ఆస్పత్రిలో చూసిందేమిటంటే, తమ చేతిలో ఏమీ లేదనుకునే రోగులకన్నా, కొంతైనా ఉందనుకునేవారికి తమ జబ్బు సంగతులు ఎక్కువ తెలుసు. వాళ్లు డాక్టర్లనూ నర్సులనూ ఎక్కువ ప్రశ్నలడిగారు. చెప్పింది చాలదని అసంతృప్తి పడ్డవాళ్లూ వాళ్లే.

వ్యాపారుల్లోనూ ఇలాంటి తేడాయే కనిపించింది. 1972లో ఆగ్నెస్ తుపాను వరదలు అమెరికాలోని పెన్సిల్వేనియాను ముంచేశాయి. దెబ్బతిన్న చిన్న వ్యాపారుల్ని కార్ల్ ఆండర్సన్ అనే పరిశోధకుడు రెండున్నరేళ్ల పాటు గమనించి 1977లో ఫలితాలు ప్రచురించాడు. అంతర్గత నియంత్రణవాళ్లు తమ మీద ఒత్తిడి తక్కువేనని భావించారు. కోపతాపాల్లో కూరుకుపోకుండా అప్పు పుట్టించడం, సరుకు తెప్పించడం వంటి పనుల్లో పడ్డారు. వ్యాపారాలు మెరుగ్గా తేరుకున్నదీ అలాంటి పనుల్లో పడ్డవాళ్లవే. ఇంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటుంది. గెలిచిన అంతర్గతులు ఇంకా అంతర్గతులయ్యారు, ఓడిన బాహ్యులు ఇంకా బాహ్యులయ్యారు. నమ్మకం ఫలితాన్ని మలిస్తే, ఫలితం తిరిగి నమ్మకాన్ని మలిచింది.

అందుకే ‘మనవాళ్లకు విధిమీదే నమ్మకం’ అని రైతును తప్పుపట్టడం అన్యాయం. మదనపల్లె మండీలో 2023 జూలైలో కిలో టమోటా 200 రూపాయల దాకా పలికింది. సెప్టెంబరుకల్లా ధర కుప్పకూలింది. ఆ రెండు నెలల్లో రైతు కష్టం మారలేదు. ఏ ఊళ్లో ఎంత పంట దిగింది, ఎక్కడ వాన పడిందన్నది అతని చేతిలోని మాట కాదు. కట్టెలు నాటి తీగ పాకించడం, కుప్పం వైపు చేసినట్టు డ్రిప్పుతో నీళ్లు పొదుపు చేయడం, పట్టుపురుగులో ఆవులో పక్కన పెంచుకోవడం అతని చేతిలోనివి.

చేతిలో ఉన్నదాన్నీ లేనిదాన్నీ 1984లో లాజరస్, ఫోక్‌మన్ అనే మనస్తత్వవేత్తలు విడదీసి చెప్పారు. మార్చగలిగిన చోట సమస్యతో తలపడటం పనికొస్తుంది, మార్చలేని చోట మనసును కుదుటపరచుకోవడమే పనికొస్తుంది. మండీలో టమోటా క్రేట్లు తిరగ్గొట్టిన రోజున నలుగురితో కూర్చుని గోడు వెళ్లబోసుకోవడం రెండోరకం, అదీ తట్టుకునే తీరే. రాటర్ కూడా 1975లో తన కొలమానాన్ని చాలామంది తప్పుగా వాడుతున్నారని రాశారు: అంతర్గతం మంచి, బాహ్యం చెడు అన్న లెక్క తనది కాదన్నారు.