దైవ సంకల్పపు గుర్తులు (విశాఖపట్నం)

దేవుని కృప, పిలుపు తమ జీవితంలో ఉన్నాయని గుర్తించడాన్ని క్రైస్తవులు ఆత్మీయ వివేచనలో భాగంగా భావిస్తారు. గలతీయులకు వ్రాసిన పత్రిక 5వ అధ్యాయం ప్రేమ, సంతోషం, సమాధానం మొదలు 9 గుణాలను ఆత్మ ఫలంగా చెబుతుంది. ఆస్తి, హోదాల ప్రస్తావన అందులో లేదు. విశాఖలో ఉక్కునగరం అయినా, రేవు పక్క పేటలైనా, విశ్వాసులు సంఘంలో చెప్పుకునే సాక్ష్యాల్లో మాత్రం ఉద్యోగం, స్వస్థతలే ముందు వినిపిస్తాయి.

సుఖమే కృపకు కొలత అయితే విశాఖ తొలి మిషనరీల కథ అర్థం కాదు. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో ఇక్కడికి వచ్చారు. తెలుగు నేర్చుకుని బైబిలు అనువాదానికి పూనుకున్నారు. అప్పటికే క్రైస్తవుడైన బ్రాహ్మణ పండితుడు ఆనందరాయర్ వారికి తోడయ్యాడు. సమయానికి ఇలాంటి మనిషి దొరకడాన్నే విశ్వాసులు దైవ నడిపింపు అంటారు. చరిత్రకారుడు దాన్ని రుజువుగా తీసుకోనక్కర్లేదు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో మరణించారు. వారు అనువదించిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో.